సూదులు లేని ఆకు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. సముద్రం వైపు స్తంభానికి వీపు ఆనించి అమ్మమ్మ ఆసెనాతి. ఆమెకెదురుగా, వాచిన మోకాలి మీద తడిగుడ్డ వేసుకుని, ఇంటి పెద్దరికం మోస్తున్న మామయ్య లేఆనా. వంటపాకకీ ఇంటికీ మధ్య తిరుగుతూ రుతా అత్త. ఆమె పిల్లలు నలుగురు, అందులో ఆఖరిదాని పిక్క మీద చీముగడ్డ. పక్క ఊరి నుంచి పొద్దున్నే నడిచివచ్చిన ఒక తల్లి, ఆమె ఒళ్ళో తలంతా పుళ్ళు పడ్డ పసిబిడ్డ. పాస్టరు గారి భార్య. ఆమె పక్కన, రాజధాని ఆపియా నుంచి ఓడలో వచ్చిన కొత్త మనిషి సలోమే. ఎవరూ ఏమీ పెట్టకపోయినా మూతి నాక్కుంటున్న కుక్క.

ఆ సాయంత్రం పెనినా తన నోటుబుక్కులో వీళ్ళందర్నీ రాసుకుంది. కుక్కని కూడా రాసింది. మర్నాడు చదువుకుంటే తన పేరు లేదని తెలిసింది. వరసల మధ్య ఇరికించడానికి చోటు లేదు. అలాగే వదిలేసింది.

పెనినాకి పదహారేళ్ళు. పాలు మానిన ఏడాదే తల్లి ఆమెని తెచ్చి అమ్మమ్మ ఒళ్ళో పెట్టి, దీవి అవతల వైపున్న అత్తవారింటికి వెళ్ళిపోయింది. అందులో వింతేమీ లేదు. ఈ సవాయీ దీవిలో ప్రతి రెండో ఇంట్లో అమ్మమ్మకిచ్చేసిన పిల్ల ఒకతె ఉంటుంది. చాలామంది హాయిగానే ఉంటారు. పెనినాకి మాత్రం మాట రాదు. నోట్లో ఉన్న మాట బయటికొచ్చేలోపు పక్కవాళ్ళు వేరే సంగతిలోకి వెళ్ళిపోతారు. ఆ ఇంటికి గోడలు లేవు. పదకొండు స్తంభాలు, పైన కప్పు, వానొస్తే దించుకునే కొబ్బరాకు తడికలు, అంతే. ఎవరు ఎక్కడ కూర్చున్నా అందరికీ కనిపిస్తారు. అలా అందరికీ కనిపిస్తూనే ఆమె ఒక్కోసారి పొద్దుణ్ణించి పొద్దుగూకేదాకా ఎవరితోనూ ఒక్క మాటైనా లేకుండా గడిపేసేది.

ఆ వాకిలి మొత్తానికి తలుపు ఉన్నది ఒక్కచోటే. వెనకాల, సీమపనస చెట్టు కింద, రేకులతో కట్టిన చిన్న గది. అమ్మమ్మ మందు నూరేది అక్కడ. ఆమె తర్వాత ఆ గదిలో కాలు పెట్టగలిగేది పెనినా ఒక్కతే. మామయ్య కూడా గుమ్మం బయటే నిలబడి మాట్లాడేవాడు.

ఏడేళ్ళుగా పెనినా ఆ గదిలో ఆకు నూరుతోంది. ఆ ఆకుకి పేరుంది కానీ ఇంట్లో ఎవరూ పలకరు. 'ఆకు' అంటే చాలు. తెల్లవారుతుండగా కొండ మీదికి వెళ్ళాలి, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ మాట్లాడకూడదు, కోసిన ఆకు నేల మీద పెట్టకూడదు. దాన్ని నల్లరాయి మీద నూరితే వేళ్ళు రెండేసి రోజులు దురద పెడతాయి. బడిలో వేళ్ళు గోక్కుంటుంటే వెనక బెంచీ ఆడపిల్లలు 'గజ్జిరాణీ' అని పిలిచేవాళ్ళు. పెనినా తల వంచుకునేదే గానీ, లోపల ఆమెకి ఆ దురదంటే కాస్త గర్వంగానే ఉండేది. ఆ దురద ఆమెకీ అమ్మమ్మకీ తప్ప లోకంలో ఎవరికీ లేదు.

మందులో ఆకుతో పాటు ఇంకేం పడతాయో, నూరేటప్పుడు ఏమని చెప్పుకోవాలో అమ్మమ్మ ఇంకా చెప్పలేదు. "తెల్లబట్టల ఆదివారం కానీ. ఆ మర్నాడు చెప్తాను. ఆ తర్వాత ఈ చెయ్యి నీది," అంది. పిల్లలంతా తెల్లబట్టల్లో చర్చికెళ్ళే ఆ పండక్కి ఇంకా నెల రోజులుంది. పెనినా నోటుబుక్కు వెనక అట్ట మీద రోజులు గీతలుగా గీసి, రోజుకొకటి కొట్టేస్తోంది. ఆమె జీవితంలో ఎదురుచూడడానికి ఉన్నది అదొక్కటే.

సలోమే వచ్చింది ఆ ఆకు కోసమే.

వంగి, అందరికీ క్షమాపణ చెప్పుకుంటూ, చాప అంచు మీదుగా నడిచివచ్చి కాళ్ళు మడిచి కూర్చుంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. చదువు పరాయి దేశంలో అయినా మర్యాద మాటలు బాగానే మాట్లాడింది.

"ఈమె డాక్టరండీ," అంది పాస్టరు గారి భార్య.

మామయ్య మొహం విప్పారింది. "అయితే నా మోకాలు చూడమ్మా."

"నేను ఆ డాక్టర్ని కాదండి. మొక్కల డాక్టర్ని."

"అంటే మొక్కలకి మోకాళ్ళుండవా?"

పిల్లలు నవ్వారు. సలోమే కూడా నవ్వింది. తర్వాత వచ్చిన పని చెప్పింది. పిల్లల పుళ్ళలో చీము పట్టించే సూక్ష్మజీవులు ఆసుపత్రి మందులకి లొంగడం మానేస్తున్నాయనీ, ఆసెనాతి గారి మందుతో మానిన పుళ్ళని తానే కళ్ళారా చూశాననీ, ఆ ఆకు లోపల ఏముందో కోసి చూసి, దాని రసం ఆ జీవుల్ని చంపుతుందో లేదో పరీక్ష చేస్తాననీ, అమ్మమ్మ పేరు, ఊరి పేరు రాసి అచ్చు వేయిస్తాననీ అంది.

అమ్మమ్మ విసనకర్ర ఊపుకుంటూ అంతా వింది. విన్నాక చుట్టాలతో మాట్లాడే పెద్ద మాటలతో జవాబిచ్చింది. "తమరంతటి చదువుకున్నవారు ఈ చిరిగిన చాప మీద కూర్చోవడమే మాకు గొప్ప. అడిగింది ఆకే కదమ్మా. అడవిలో దానికేం కరువు. రేప్పొద్దున్న పంపిస్తాను. కోకో చల్లారుతోంది, తీసుకోండి."

మర్నాడు అమ్మమ్మ పెనినాని లేపకుండానే వెళ్ళింది. పెనినా కళ్ళు నులుముకుంటూ లేచేసరికి అరటాకులో చుట్టిన మూట సిద్ధంగా ఉంది. "బళ్ళో ఇచ్చిరా. అలాగే ఆ పిల్లకి అన్నం కూడా పట్టుకెళ్ళు. ఉన్నన్నాళ్ళూ రోజూ పట్టుకెళ్ళు. చుట్టం ఆకలితో ఉంటే మనకి మాట." పెనినా మూట విప్పి చూడలేదు. పెద్దవాళ్ళు కట్టిన మూట దారిలో విప్పడం ఆ ఇంట్లో లేదు.

బడికి సెలవులు కనక సలోమేకి అక్కడే బస ఇచ్చారు. వెనక గదిలో సలోమే బల్లల మీద తన సామాను సర్దుకుంది. సూక్ష్మదర్శిని, బ్లేళ్ళు, గాజు పలకలు, మూతలున్న గుండ్రటి గాజు పళ్ళేలు, వెచ్చగా ఉంచే ఒక పెట్టె. పెనినా అన్నం గంప గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోబోయింది.

"ఆగు. నీ పేరేంటి?"

పెనినా చెప్పింది. సలోమేకి వినపడలేదు. మళ్ళీ చెప్పింది.

"ఈ ఉడికిన చేమదుంపలు ఒక్కదాన్నే తినలేను. కూర్చో."

పెనినా కూర్చుంది. బలవంతం చేస్తే రెండు ముక్కలు తింది. సలోమే కబుర్లు చెబుతూనే ఆకుల మూట విప్పి పక్కన పెట్టింది. పచ్చి బొప్పాయి ముక్కలో గాటు పెట్టి, ఆ గాటులో ఆకు ముక్క దూర్చి, రెండిటినీ కలిపి బ్లేడుతో పలచగా కోసింది. కోసిన పొరలు గిన్నెలోని నీళ్ళలో తేలాయి. వాటిలో మరీ పలచని దాన్ని కుంచెతో తీసి గాజు పలక మీద పెట్టి, రంగు చుక్క వేసి, పైన గాజు కప్పి, "చూడు," అంది.

పెనినా కన్ను ఆనించింది. ముందు తన కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. తర్వాత ఒక ఇల్లు కనిపించింది. నిండా గోడలే. పైన పలకలు పరిచినట్టు ఒక వరస, దాని కింద నిలువుగా ఇరుకిరుకు గదులు, ఇంకా కింద గాలి ఆడేలా విడివిడిగా గుండ్రటి గదులు. గోడ లేని ఇంట్లో పెరిగిన పెనినా ఆ గదుల్ని చూస్తూ ఉండిపోయింది. ప్రతిదానికీ తనదంటూ నాలుగు గోడలు. ఎవరి గదిలో వాళ్ళు.

"గాలి పీల్చేది కింద నుంచి. అదిగో, పెదాల్లా ఉన్నాయే, అవి."

పెనినా తల తిప్పకుండానే కనుబొమలు పైకెత్తింది. ఆ దీవుల్లో అవునన్నా, అర్థమైందన్నా అంతే. నోరు విప్పక్కర్లేదు. పెనినా లాంటి పిల్లకి అదొక వరం.

ఆ తర్వాత రోజూ వెళ్ళింది. అన్నం ఇచ్చి గంటలు గంటలు ఉండిపోయేది. సలోమే ఆమెకి కొయ్యడం నేర్పింది. మూడో రోజున పెనినా కోసిన పొర సలోమే కోసినదాని కన్నా పలచగా వచ్చింది.

"అబ్బో, నా ఉద్యోగానికే ఎసరు పెట్టావు," అంది సలోమే. పెనినా ఆ మాట నోటుబుక్కులో రాసుకుని, కింద గీత గీసింది.

నాలుగో రోజు సలోమే వంటకని పెట్టిన పచ్చి చేమకాడ తరిగి, చేతులు తెగ గోక్కుంది. "ఎందుకు దురద పెడుతుందో తెలుసా?" అని అడిగి, ఆ కాడనే కోసి చూపించింది. గదుల్లో అక్కడక్కడా, కట్ట కట్టిన చీపురుపుల్లల్లా, సన్నటి సూదులున్నాయి. గాజులా మెరుస్తున్నాయి.

"రసం తగిలితే ఇవి వచ్చి చర్మంలో గుచ్చుకుంటాయి. దురదంతా వీటిదే. ఏ ఆకు నూరితే చెయ్యి ఇలా దురద పెడుతుందో, అందులో చాలాసార్లు ఇవి ఉంటాయి."

పెనినా తన వేళ్ళు చూసుకుంది. అడగాలనుకున్న మాట నాలిక చివరికొచ్చింది. దాన్ని బయటికి తీయడానికి చాలాసేపు పట్టింది.

"అమ్మమ్మ ఇచ్చిన ఆకులో ఇవి ఉన్నాయా?"

"లేవే. పది ముక్కలు కోశాను. ఒక్కటీ లేదు."

పెనినా లేచింది. అరటాకు మూట దగ్గరికి వెళ్ళి, వాడిపోయిన ఆకొకటి తీసి వెనక్కి తిప్పింది. అదే నునుపు, అదే కోల ఆకారం. కానీ ఈనెలు చీలే చోట గుండుసూది మొనంత గుంటలుండాలి. లేవు. ఇది ఆకు కాదు. పందులు రాకుండా కట్టిన రాళ్ళ గోడ పక్కన దండిగా పెరిగే మొక్క ఇది. పిల్లలు దాంతో బూరలు చేసి ఊదుకుంటారు.

అమ్మమ్మ కళ్ళలో పొర కమ్ముతోందని ఇంట్లో అందరికీ తెలుసు. పోయిన వారమే కోకోలో పంచదారనుకుని ఉప్పు వేసింది. కీర్తనల పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడింది. పాపం, ఆ మసక వెలుతుర్లో, ఒక్కతే వెళ్ళి, ఏదో అనుకుని ఇంకేదో కోసుకొచ్చింది. నన్ను లేపి ఉంటే ఇలా అయ్యేదా అనుకుంది పెనినా.

అప్పుడే సలోమే వెచ్చటి పెట్టెలోంచి గాజు పళ్ళేలు తీసింది. సముద్రపు నాచుతో చేసిన జిగురు మీద పుళ్ళలోని సూక్ష్మజీవులు పాలమీగడలా పరుచుకుని ఉన్నాయి. ఆసుపత్రి మందులో ముంచిన కాగితపు బిళ్ళ చుట్టూ మీగడ లేకుండా ఖాళీ ఉంది. ఆకు రసంలో ముంచిన బిళ్ళ చుట్టూ ఏమీ లేదు. మీగడ బిళ్ళ అంచుదాకా వచ్చి ఆనుకుంది.

"మూడోసారి కూడా ఇంతే," అంది సలోమే. "శనివారం ఓడకి వెళ్ళిపోవాలి. ఉన్నది ఉన్నట్టు రాసేస్తాను. ఈ ఊళ్ళో ఆసెనాతి గారు వాడే ఆకులో సూక్ష్మజీవుల్ని చంపే గుణం కనపడలేదు అని. ఏం చేస్తాం."

ఇంటికి నడుస్తుంటే పెనినాకి కాళ్ళ కింద నల్లరాళ్ళు కూడా తెలియలేదు. ఎన్ని తలల పుళ్ళు మాన్పింది అమ్మమ్మ. ఆ చేతికి విలువ లేదని ఎక్కడో కాగితం మీద అచ్చు వేస్తారు, పేరు పెట్టి మరీ వేస్తారు. అదీ కళ్ళు కనపడక చేసిన పొరపాటుకి.

ఆ సాయంత్రం రేకుల గదిలో రాయి కడుగుతూ మొదలుపెట్టింది. "అమ్మమ్మా."

"ఊఁ."

"సలోమే గారి ఆకు..."

"ఆ పిల్ల సరిగ్గా తింటోందా? మరీ పీలగా ఉంది. రేపు కొబ్బరిపాల కూర చేయమని చెప్పు మీ అత్తతో." అమ్మమ్మ ఆమె వైపు చూడకుండా మందు పిండే పీచు సర్దుకుంటోంది. "ఇంకేమైనా అంటోందా?"

"ఆకులో ఏమీ కనపడలేదంటోంది."

"అలాగా," అంది అమ్మమ్మ. "పాపం, అంత దూరం నుంచి వచ్చింది."

అంతే. పెనినా రాయి మళ్ళీ కడిగింది. నీ కళ్ళు పోతున్నాయి అమ్మమ్మా, అని మొహం మీద ఎలా అంటారు. ఆకు పోల్చుకోలేని మందుల మనిషి మందుల మనిషేనా. ఆ మాట తన నోటి నుంచి రాకూడదు. అమ్మమ్మకి తెలియకుండా తప్పు సరిదిద్దేస్తే, ఎవరికీ ఏ నొప్పీ ఉండదు.

మర్నాడు తెల్లవారుతుండగా పెనినా ఒక్కతే కొండెక్కింది. నియమం ప్రకారం నోరు విప్పలేదు. అది ఆమెకి కష్టమేమీ కాదు. ఆకు కోసింది, వెనక్కి తిప్పి గుంటలు చూసుకుంది, నేల మీద పెట్టకుండా ఒడిలో కట్టుకుని తిన్నగా బడికి వెళ్ళింది.

సలోమే రెండు ఆకుల్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత పెనినా వైపు చూసింది.

"ఇది అమ్మమ్మ పంపించిందా?"

గదిలో ఇంకెవరూ లేరు. కిటికీ అవతల ఒక కోడి మట్టి గీరుకుంటోంది. పెనినా గాజు పలక వైపు చూస్తూ కనుబొమలు పైకెత్తింది.

సలోమేకి అది చాలింది.

ఆ ఆకుని పెనినాయే బ్లేడుతో పలచగా కోసింది. కన్ను ఆనించేసరికి అవి అక్కడే ఉన్నాయి. గదుల్లో కట్టలు కట్టలుగా సూదులు. ఏడేళ్ళుగా తన వేళ్ళలో దిగినవి. ఇంకొన్ని గదుల్లో బంగారు రంగు నూనె చుక్కలున్నాయి, చేమలో లేనివి. "పసంతా వీటిలోదే అయ్యుంటుంది," అంది సలోమే గొంతు తగ్గించి, చర్చిలో మాట్లాడినట్టు.

శుక్రవారం పొద్దున్న పెట్టె తెరిచినప్పుడు ఆకు బిళ్ళ చుట్టూ ఖాళీ ఉంది. చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు, గుండ్రంగా, అద్దంలా తేటగా ఉంది. సలోమే కొలబద్ద పెట్టి కొలిచింది. మళ్ళీ కొలిచింది. తర్వాత కొలబద్ద పక్కన పడేసి పెనినాని గట్టిగా పట్టుకుంది. పెనినాకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తనని ఎవరైనా అలా పట్టుకుని ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేసింది.

ఆ రోజు నోటుబుక్కులో ఒకే వాక్యం రాసింది. 'ఇవాళ గదిలో ఉన్నవాళ్ళు: సలోమే, నేను.'

శనివారం ఓడ మధ్యాహ్నానికి. పొద్దున్నే సలోమే వచ్చింది. ఉత్త చేతులతో రాలేదు. పాస్టరు గారి భార్య సాయంతో సన్నటి మొగలి చాపొకటి, డబ్బా చేపల పెట్టె ఒకటి తెచ్చి ఇంటి మధ్యలో పెట్టింది. అందరూ వాళ్ళ వాళ్ళ స్తంభాల దగ్గర కూర్చున్నారు. పెనినా వెనక వరసలో పిల్లల మధ్య కూర్చుంది. అమ్మమ్మ చాప అందుకుని, కళ్ళకద్దుకుని, రెండు చేతులా తల మీదికెత్తి దించింది. చుట్టం ఇచ్చిన దానిని అలాగే అందుకోవాలి.

సలోమే మాట్లాడింది. కృతజ్ఞతలు చెప్పింది. ఫలితం చెప్పింది. పిల్లలకి కూడా అర్థమయ్యేలా, గాజు పళ్ళెంలో ఖాళీ ఎంత మేర వచ్చిందో వేళ్ళతో చూపించింది. "మొదట పంపిన ఆకుల్లో ఏమీ రాలేదండి. నాకు ఆశ పోయింది. తర్వాత తమరు మళ్ళీ పెనినా చేత పంపిన ఆకు ఉందే, అది..."

అమ్మమ్మ చేతిలో విసనకర్ర ఆగింది.

మామయ్య తలెత్తి కప్పు వాసాల వైపు చూడడం మొదలుపెట్టాడు. వంటపాక దగ్గర రుతా అత్త గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఫిలోమెనా, రుతా అత్త పెద్దకూతురు, పన్నెండేళ్ళది, మెల్లగా తిరిగి పెనినా వైపు చూసింది. దాని చెల్లెళ్ళు కూడా చూశారు. ఎప్పుడూ తన వైపు చూడనివాళ్ళంతా ఒక్కసారి చూసేసరికి పెనినాకి ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. స్తంభాలు సన్నగా ఉన్నాయి.

విసనకర్ర మళ్ళీ కదిలింది.

"అవునమ్మా," అంది అమ్మమ్మ. "తమరి చేతికి చేరింది కదా. చాలు. తమరి చదువు చల్లగా ఉండాలి. ఓడ వేళవుతోంది, రెండు ముద్దలు తిని వెళ్ళండి."

సలోమే తిన్నది. నవ్వింది. మామయ్య మోకాలి గురించి ఆపియాలో అసలు డాక్టర్ని అడుగుతానంది. "మొక్కల డాక్టరమ్మ మాట ఇచ్చింది, ఇక నా మోకాలికి ఆకులు మొలుస్తాయి," అన్నాడు మామయ్య, ఎవరూ నవ్వలేదు. వెళ్ళేటప్పుడు సలోమే పెనినా భుజం తట్టి, "ఉత్తరం రాస్తాను," అంది. బస్సు దుమ్ము రేపుకుంటూ రేవు వైపు వెళ్ళిపోయింది. ఆమెకి ఏమీ తెలియదు. ఎవరు చెప్తారు.

పెనినా వంటపాకలోకి వెళ్ళింది. రుతా అత్త గిన్నెలు తోముతోంది. చాలాసేపు తోమిందే తోమింది.

"ఎంత పని చేశావే," అంది చివరికి.

"అమ్మమ్మకి కళ్ళు కనపడక వేరే ఆకు ఇచ్చింది అత్తా. అందుకని..."

"కళ్ళు కనపడకా?" రుతా అత్త తోమడం ఆపింది. "ఆవిడ ఆ ఆకుని చీకట్లో వాసన చూసి చెప్తుందే. ఉప్పుకీ పంచదారకీ తేడా తెలియకపోవచ్చు, ఆకు తెలియదా? అడిగినావిడ చుట్టం. లేదనకూడదు. ఆకు ఇల్లు దాటకూడదు. అందుకని పందుల గోడ దగ్గరిది కోసి ఇచ్చింది. వచ్చినావిడ ఉత్త చేతులతో పోకూడదు, మనది మన దగ్గరుండాలి. ఇది మొదటిసారా? నేను కాపరానికి వచ్చాక ఇద్దరు తెల్లవాళ్ళు వచ్చారు. వాళ్ళకీ అదే ఆకు."

"ఆకులో పస లేదని అమ్మమ్మ పేరు పెట్టి రాసేస్తానంది అత్తా."

"రాసుకోనీ. కాగితం చూసి పుండు మానుతుందా, మానకుండా పోతుందా?"

"నాకెవరూ చెప్పలేదు," అంది పెనినా.

"చెప్పేవాటే ఇవి? చూసి తెలుసుకునేవి. పోయిన ఏడు మన నల్ల పందిని పక్కింటివాళ్ళు అడిగితే మీ మామయ్య ఏం చేశాడు? తీసుకోండి అని, కుంటిదాన్ని పంపాడు. వాళ్ళు దండాలు పెట్టి తోలుకెళ్ళారు. నువ్వూ ఇక్కడే ఉన్నావుగా." అత్త గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది పెనినాకి. "నా ఆఖరిదానికి ఆరేళ్ళు. ఆ రోజు ఆ మూట చూసి, 'అమ్మా, ఇవి బూరల ఆకులు కదా' అంది నాతో. అని నోరు మూసుకుంది. దానికున్న..." అత్త వాక్యం సగంలో వదిలేసి మళ్ళీ గిన్నె అందుకుంది.

ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఆరేళ్ళదానికి తెలుసు. ఏడేళ్ళు ఆ గదిలో కూర్చున్న తనకొక్కదానికే తెలియలేదు. మాట రానిదాన్నని ఇన్నాళ్ళూ అనుకుంది. మాట లేకుండా నడిచేవి కూడా తనకి అందలేదని ఇప్పుడు తెలిసింది.

అప్పుడే వాకిట్లో పసిబిడ్డ ఏడుపు వినిపించింది. పక్క ఊరి తల్లి మళ్ళీ వచ్చింది. బిడ్డ తల మీద పుళ్ళు సగం మాని, చుట్టూ కొత్త చర్మం లేతగా మెరుస్తోంది. అమ్మమ్మ బిడ్డని చూసి, తల నిమిరి, లేచి రేకుల గదిలోకి వెళ్ళింది. మందు నూరాలి.

ఏడేళ్ళుగా ఆ తర్వాతి పని పెనినాది. ఆమె కాళ్ళు వాటంతటవే కుళాయి దగ్గరికి వెళ్ళాయి. నల్లరాయి అక్కడే ఉంది. ఎప్పటిలా మూడుసార్లు కడిగింది. నాలుగోసారి కూడా కడిగింది. తుడవకుండా, నీళ్ళు కారుతుండగానే, రెండు చేతులా పట్టుకుని గది గుమ్మం ముందుకి వెళ్ళి నిలబడింది.

అమ్మమ్మ లోపల పీట మీద కూర్చుని ఉంది. ఆకు ఒళ్ళో ఉంది. ఆమె తలెత్తింది. పొర కమ్మిన కళ్ళు పెనినా మొహం మీద ఆగాయి. పెనినా నోరు తెరిచింది. ఇన్నాళ్ళూ దాచుకున్న మాటలన్నీ ఒకేసారి గొంతులోకి వచ్చి, ఒకదానికొకటి అడ్డం పడ్డాయి.

"అమ్మమ్మా, నేను అనుకున్నాను... నీ కళ్ళు..."

అమ్మమ్మ మెల్లగా లేచి గుమ్మం దాకా వచ్చింది. పెనినా చేతుల్లోంచి రాయి అందుకుంది. అందుకుని, తడిగా మెరుస్తున్న ఆ నల్లరాయిని, పొద్దున్న సలోమే ఇచ్చిన చాపని ఎత్తినట్టే, రెండు చేతులా తల మీదికెత్తి దించింది. నీళ్ళు ఆమె నెరిసిన జుట్టులోంచి నుదుటి మీదికి కారాయి. తుడుచుకోలేదు.

"శ్రమ పడి తెచ్చారు," అంది. గొంతు మెత్తగా ఉంది. కోపం లేదు, చనువూ లేదు. పెద్ద మాటలతో, చుట్టాలతో మాట్లాడినట్టే మాట్లాడింది. "తమరు పొద్దుణ్ణించి నిలబడే ఉన్నారు. వెళ్ళి చాప మీద కూర్చోండమ్మా. మా కోడలు కోకో ఇస్తుంది."

పెనినా కదలలేదు. వేళ్ళు దురద పెడుతున్నాయి. నిన్నటిదో మొన్నటిదో ఆ ఆకు ఇంకా చర్మంలో ఉంది.

అమ్మమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసి, చుట్టం వెళ్ళేటప్పుడు వంచినట్టు తల కొద్దిగా వంచి, తలుపు దగ్గరికి వేసింది.